మా కర్మ నంబరు నాలుగు వందల పదిహేడు

మనిషికి కర్మ ఉందా లేదా అని పండితులు వేల ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. ఇక కొట్టుకోనక్కర్లేదు. ఉంది. నేను కళ్ళారా చూశాను. దాని నంబరు నాలుగు వందల పదిహేడు. సైజు అర అంగుళం. ఇనుప పైపు, ఇత్తడి మూతి. వాషరు అరిగిపోయింది కాబట్టి ఎప్పుడూ చుక్కచుక్కగా ఏడుస్తూ ఉంటుంది.

సుబేదారి వెనక సున్నపుబట్టీల వాడలో నలభై రెండు ఇళ్ళకు కలిపి ఉన్న ఒకే ఒక్క వీధి నల్లా అది. పొద్దున ఐదింటికి నీళ్ళొస్తాయి, ఆరింటికి పోతాయి. ఆ గంటలోనే నలభై రెండు ఇళ్ళ బిందెలు నిండాలి, బకెట్లు నిండాలి, పక్కింటివాళ్ళ మీద రోజుకు సరిపడా తిట్లు నిండాలి. ఇన్నేళ్ళూ దాన్ని మేం నల్లా అనే పిలిచాం. ఎంత అజ్ఞానం! అది ఆబ్జెక్టు అని, ఆబ్జెక్టును తెలుగులో కర్మ అంటారని నీళ్ళ ఆఫీసులో కంప్యూటర్ దిగాకే తెలిసింది.

కంప్యూటర్‌ను ఎవరైనా తిడితే నా ఎదురుగా తిట్టొద్దు. ఈ ఎనభై తొమ్మిదో సంవత్సరంలో మన వరంగల్లుకు పట్టిన అదృష్టాలు రెండే. ఒకటి కంప్యూటర్. రెండోది దాని కడుపులో ఉన్న పిలుపులు. ఆ పిలుపులు మనిషి జన్మకు ఎంత అవసరమో మీ బుర్రకెక్కేదాకా నేను ఈ కలం దించను.

ముందు నేనూ మీలాంటి మూర్ఖుణ్ణే. గుమాస్తాల కడుపు కొట్టే మిషను వద్దని ఇరవై మందిని వెంటేసుకుని నీళ్ళ ఆఫీసు ముందు ధర్నాకు పోయాను. తలుపు మీద 'ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ విధానం' అని బోర్డు ఉంది. ఆబ్జెక్ట్ అంటే అభ్యంతరం చెప్పడం. నాకొచ్చిన ఇంగ్లీషే అంత. ఇరవై ఏళ్ళుగా నేను తింటున్నదీ తాగుతున్నదీ ఆ ముక్కే. సర్కారు అభ్యంతరాల కోసం ప్రత్యేకంగా మిషను పెట్టిందా! సంతోషం పట్టలేక చెప్పులు బయట విడిచి లోపలికి నడిచాను. చెప్పులు విడవకపోతే దాని మీద దుమ్ము పడుతుందట. పడితే జ్వరమొస్తుందట. మా వాడలో పోచమ్మ గుడికి కప్పు లేదు గాని, దీనికి ఏసీ ఉంది.

లోపల కంప్యూటర్ సారు రాజేశ్వర్ రావు కూర్చుని ఉన్నాడు. మర్యాదస్తుడు, కళ్ళజోడు. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న జిరాక్సు పుస్తకం ముందు పెట్టుకుని, నన్ను కూర్చోబెట్టి, నల్లా నీళ్ళు కాకుండా కుండ నీళ్ళు ఇచ్చాడు.

"ఆబ్జెక్ట్ అంటే లొల్లి పెట్టుడు కాదు సార్," అన్నాడు. "ఒక వస్తువు. మీ నల్లా అనుకోండి. దానికి పుట్టుడుంటది, మారుడుంటది, సచ్చుడుంటది. గా మూడింటికి ముందొక పిలుపు, ఎనుకొక పిలుపు కట్టి పెడుతాన్న. ఒక్కసారి రాసిపెడితే సాలు, యాళ్ళకు దానంతటదే పిలుస్తది. ఎవ్వలు యాదికి చేసే పని లేదు."

"ముందు పిలిచినప్పుడు ఎవలన్న వద్దంటే?"

"ఆడికే ఆగుతది. పని ముందటికి పోదు."

పాఠకులారా, విన్నారా? వద్దు అని ఒక్క మాటంటే సర్కారు పని ఆగిపోతుంది! ఆ ఒక్క ఆపడం కోసం నేను లారీల ముందు పడుకున్నాను. పోలీసు జీపుల వెనక పరిగెత్తాను. ఈయన చల్లగా కూర్చుని రెండు లైన్లలో రాసేశాడు. ధర్నా అక్కడే రద్దు చేశాను. బయట నినాదాలిస్తున్నవాళ్ళు 'డౌన్ డౌన్' దగ్గర ఆగి, దేనికి డౌన్ అనాలో తెలియక ఇళ్ళకు పోయారు.

ఆలోచించండి. మనిషికి ఉందా ఈ ఏర్పాటు? పుట్టే ముందు మనల్ని ఎవరైనా అడిగారా? సున్నపుబట్టీల వాడలో పుడతావా, నీళ్ళున్న చోట పుడతావా అని ఒక చీటీ పంపారా? అదే పిలుపు కట్టి ఉంటే! డోర్నకల్ పోయే బస్సు నడిమిట్లో చెడిపోయే ముందు మనల్ని పిలిచేది. మనం దాన్ని ఎక్కకుండా నడిచి పోయేవాళ్ళం, దానికంటే ముందే చేరేవాళ్ళం. కరెంటు పోయే ముందు పిలిచేది. ముద్ద నోట్లో పెట్టుకుని కూర్చునేవాళ్ళం, చీకట్లో చెయ్యి పక్కవాడి పళ్ళెంలోకి పోయేది కాదు. హసన్‌పర్తి నుంచి మా బావమరిది బయలుదేరే ముందు పిలుపొచ్చేది. తలుపుకు తాళం పెట్టి, అడ్డదారిన నేనే వాళ్ళింటికి తిండికి పోయేవాణ్ణి. ఇది అదృష్టం కాకపోతే మరేమిటి?

సరే, పిలుపులు తయారయ్యాయి. ప్రజలకిచ్చే చీటీలు తెలుగులోనే ఉండాలని పైనుంచి ఉత్తర్వు ఉంది. మిషనుకు తెలుగు రాదు. చీటీలు ప్రెస్సులో అచ్చేయించి, ఖాళీలో నంబరు మాత్రం మిషను కొట్టేటట్టు ఏర్పాటు చేశారు. మరి ఆబ్జెక్టును తెలుగులో ఏమనాలి? మా వాడ చివరింట్లో కిషన్ రావు పంతులు ఉంటాడు. ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరైనాయన. ఆయన్ని అడిగారు. ఆయన నశ్యం పట్టు దించకుండానే తీర్పు చెప్పాడు. రాముడు రావణుణ్ణి చంపినాడు అనే వాక్యంలో రాముడు కర్త, చంపడం క్రియ, రావణుడు కర్మ. ఇంగ్లీషులో దాన్నే ఆబ్జెక్టు అంటారు. కాబట్టి ఆబ్జెక్టు అంటే కర్మ, ఇందులో అప్పీలు లేదు.

ఇంత చక్కటి మాట దొరికాక ఇంకెవరు వెతుకుతారు? ఆరు రకాల చీటీలు అచ్చయ్యాయి.

మొదటి చీటీ మొగిలమ్మకు వచ్చింది. మొగిలమ్మ రైసుమిల్లులో చెరిగే పని చేస్తుంది. నల్లా దగ్గర రోజూ మొదటి బిందె ఆమెదే. నాలుగింటికే వచ్చి బిందె పెట్టి, ఎవరైనా దాన్ని జరిపితే వాళ్ళ ఏడు తరాలను లేపుతుంది. ఆ చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తమ్మీ, గిదేం కాయితం. పోస్టాయన ఇచ్చి నవ్వుకుంట పోతాండు."

చదివాను. 'మీ కర్మ నం. 417 జన్మించినది.'

"నా కర్మ పుట్టి యాభై ఐదేండ్లాయె," అంది మొగిలమ్మ. "గియ్యాల్నా ఖబరైంది ఈళ్ళకు?"

ఆమెకు పిలుపుల మహిమ తెలియదు. చదువు లేదు పాపం. చీటీ మడిచి రైకలో పెట్టుకుని మిల్లుకు పోయింది.

ఇలా సుఖంగా ఉండగా, రోడ్డు వెడల్పు చేయాల్సి వచ్చింది. మా నల్లాను ఆరడుగులు పక్కకు జరపాలి. పాత అనాగరిక కాలంలో అయితే వాల్వు తిప్పే ఎల్లస్వామి పానా పట్టుకుని వచ్చేవాడు. రెండు బెండులు బిగించేవాడు, ఒక బీడీ కాల్చేవాడు, పోయేవాడు. అరగంట. ఎవరికీ చెప్పింది లేదు, ఎవరినీ పిలిచింది లేదు. పద్ధతేనా అది?

ఇప్పుడు పద్ధతిగా జరిగింది. నాలుగు వందల పదిహేడు జాగా మారిందని రాజేశ్వర్ రావు సారు మిషనుకు చెప్పాడు. మారాక వెళ్ళే పిలుపు లేచి, మా నలభై రెండు ఇళ్ళలో మొదటి ఇంటికి 'మీ కర్మ మారినది' అని చీటీ కొట్టి, మారిన తారీఖును నల్లా ఖాతాలో రాసుకుంది. తారీఖు రాసుకోవడం అంటే ఖాతా మారడమే కదా? మారింది కాబట్టి మళ్ళీ పిలుపు లేచింది. చీటీ కొట్టింది, తారీఖు రాసింది. మళ్ళీ మారింది. మళ్ళీ లేచింది.

పొద్దున పదింటికి మొదలైన మిషను సాయంత్రం నాలుగింటికి రిబ్బను చిరిగితే ఆగింది. పదకొండు వందల చీటీలు! మీ కర్మ మారినది, మీ కర్మ మారినది, మీ కర్మ మారినది. ఒక్కసారి కర్మ మారాలంటే జనం కాశీకి పోతారు, రంగురాళ్ళు పెట్టుకుంటారు. మాకు కూర్చున్న చోటనే ఒక్క రోజులో పదకొండు వందల సార్లు మారింది. నల్లా మాత్రం అంగుళం కదల్లేదు. చీటీలన్నీ గోనెసంచిలో పోసి తెచ్చి మా వాడలో దింపితే, మొగిలమ్మ ఆ సంచీని ఇంట్లో పెట్టుకుంది. ఎందుకని అడిగితే, ఎండు కాయితం ఎప్పటికైనా అక్కరకొస్తుందంది.

సారుకు జ్ఞానోదయమైంది. మార్చడమే తప్పు. పాత నల్లాను చంపేసి, ఆరడుగుల అవతల కొత్తదాన్ని పుట్టిస్తే సరి. చావుకు ముందు పిలుపు మా ఇళ్ళన్నిటికీ వచ్చింది. 'మీ కర్మ నం. 417 నశించబోవుచున్నది. సంబంధీకులు తమ పట్టు విడువవలెను.'

మేం విడుస్తామా? కొత్తది రాకుండా పాతది విడవొద్దని నేనే ఇల్లిల్లూ తిరిగి నలభై రెండు 'వద్దు'లు రాయించాను. చావు ఆగిపోయింది! నా జీవితంలో మొదటి పూర్తి విజయం. దండ వేయించుకున్నాను. అటు కొత్త నల్లా పుట్టుకకు ముందు పిలుపు లేచి, ఈ పైపు మీద ఇంకో నల్లా బతికి ఉందా అని అడిగింది. ఉంది. అయితే పుట్టనంది. కొత్తది పుడితేనే పాతది చస్తుంది. పాతది చస్తేనే కొత్తది పుడుతుంది. తగాదాలో ఉన్న నల్లాకు నీళ్ళు ఇవ్వరాదని రూలు. ఎల్లస్వామి వాల్వు కట్టేశాడు.

నాకు వేసిన దండ వాడిపోయేసరికి వాడలో చుక్క నీరు లేదు. అది మే నెల.

మైలు దూరంలో రైసుమిల్లు పక్కన బోరింగు ఉంది. దాన్ని వంద సార్లు కొడితే బిందె నిండుతుంది. అక్కడా లైనే. ఇంటికి రెండు బిందెలు దాటితే అక్కడివాళ్ళు ఊరుకోరు. దీన్ని కూడా అదృష్టంగానే చూడాలి. వ్యాయామం. మొగిలమ్మకు నడుం పట్టేసింది గాని, అది ఆమె నడుం తప్పు.

నీళ్ళు పోయిన ఎనిమిదో నాడు మొగిలమ్మ బిడ్డ సారలమ్మ ప్రసవించింది. కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉంది. ఆడపిల్ల. ముందు పిలుపు లేదు, వెనక పిలుపు లేదు, పొద్దున్నే కేరుమని పుట్టేసింది. పద్ధతి లేని పుట్టుక! పదకొండో నాడు పురుడు చేయాలి. తల్లికీ పిల్లకూ వేడినీళ్ళు తలారా పోయాలి, బట్టలన్నీ ఉతకాలి, ఇల్లు కడగాలి. అదయ్యేదాకా తల్లి పొయ్యి దగ్గరికి రాకూడదు, పిల్లను ఎవరూ ఎత్తుకోకూడదు. రెండు బిందెల్లో అది అవుతుందా? మొగిలమ్మ రోజూ మిల్లు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి బోరింగుకు తిరిగింది. ఆఫీసులో ఆమెకు ఒకటే జవాబు. నువ్వు రావొద్దు, మిషనే పిలుస్తుంది.

పిలిచింది! మా నలభై రెండు 'వద్దు'లతో విసిగిపోయిన రాజేశ్వర్ రావు సారు, చావుకు ముందు పిలుపును పక్కకు పెట్టి నల్లాను నేరుగా చంపేశాడు. చావు తర్వాతి చీటీ వచ్చింది. 'మీ కర్మ నం. 417 ముగిసినది.' ఇక కొత్తది పుట్టాలి. పుట్టే ముందు, ఎవరి కోసం పుట్టాలి అని అడిగింది. ఆ ఇళ్ళ జాబితా పాత నల్లా ఖాతాలోనే ఉంది. పాతది పోతూ పోతూ జాబితాను కూడా వెంట తీసుకుపోయింది. మిషను లెక్క ప్రకారం మేం నలభై రెండు ఇళ్ళవాళ్ళం ఎవరికీ ఏమీ కాము. ఎవరూ లేని చోట నల్లా ఎందుకు పుడుతుంది?

మొగిలమ్మ ఆ చీటీ తీసుకుని ఈసారి నా దగ్గరికి రాలేదు. కిషన్ రావు పంతులు అరుగు దగ్గరికి పోయింది. నేను పక్కనే ఉన్నాను.

"పంతులూ, మా నల్లా సచ్చిందని కాయితమచ్చింది. ఎల్లుండి నా బిడ్డ పురుడు. ముట్టుడున్నదా లేదా నువ్వే జెప్పు."

చావు ముట్టుడు, అంటే మైల, ఉండగా పురుడు చేయరు. పంతులు నవ్వుతాడనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. ఆ మాట అచ్చేయించింది ఆయనే. వెనక్కి తీసుకుంటే ముప్పై ఏళ్ళ వ్యాకరణం పోతుంది.

"నలభై రెండిండ్లకు గంజి కాసిన నీళ్ళు," అన్నాడు. "తల్లి లెక్క. ముట్టుడున్నది మొగిలమ్మా. పిట్టకు పెట్టాలె. పిట్ట ముట్టినంకనే పురుడు."

మా దిక్కు మనిషి పోతే పిట్టకు పెడతాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందన్నమాట. అప్పుడు బంధువులు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ కోరిక నేను తీరుస్తా అని మాటివ్వాలి. ముట్టేదాకా ఎవరూ కదలరు. చూశారా? చావు తర్వాతి పిలుపు! జిరాక్సు పుస్తకాలవాళ్ళు నిన్న కనిపెట్టినదాన్ని మా కాకులు తాతల నాటి నుంచి నడుపుతున్నాయి, ఒక్క రిబ్బను కూడా చింపకుండా.

నల్లా చచ్చింది ఆఫీసులో కాబట్టి, పెట్టడం కూడా ఆఫీసు ముందే పెట్టాం. మర్నాడు మిట్టమధ్యాహ్నం డప్పుతో పోయి విస్తరి వేశాం. నల్లాకు ఏది ఇష్టం? కొత్త వాషరు పెట్టాం. కారే చోట చుట్టే నూలు దారం పెట్టాం. ఎల్లస్వామి తన పానా తెచ్చి పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. మంచినీళ్ళ గ్లాసు కూడా పెట్టాం, ఖాళీది.

కాకి రాలేదు.

డప్పు చప్పుడుకు రాజేశ్వర్ రావు సారు బయటికొచ్చాడు. మిషను గదిలో నుంచి వచ్చాడు కదా, కాళ్ళకు చెప్పుల్లేవు. చెప్పుల వరస మీద మా వాడ జనం నిలబడి ఉన్నారు. ఎండకు నేల పెనంలా ఉంది. ఆయన ఒక కాలి మీద కాసేపు, ఇంకో కాలి మీద కాసేపు నిలబడ్డాడు. మిషనులో నల్లాను పుట్టించినాయన కాబట్టి దగ్గరి బంధువు ఆయనే, కదలకూడదని పంతులు చెప్పాడు.

ఒక్కొక్కరం మాటిచ్చాం. నీ వాషరు మారుస్తా అన్నాను నేను. నీ చీటీల్లో తప్పులు దిద్దుతా అన్నాడు పంతులు. కాకి రాలేదు. అప్పుడు మొగిలమ్మ నడుం పట్టుకుని లేచింది.

"దాని కోరికేందో నేన్జెప్త సారు. అది నీళ్ళిడువంది పోదు. నా మన్మరాలి మీద నాలుగు చెంబులు పోసినంకనే పోతనంటాంది. మాటియ్యి."

"అమ్మా, ప్రోగ్రాంల అట్ల..."

"ప్రోగ్రాం కాకి కాదు బిడ్డా. మాటియ్యి."

సారు కాలు మార్చాడు. మళ్ళీ మార్చాడు. "ఇడిపిస్త," అన్నాడు.

అదే క్షణంలో పైన కావుమంది. అందరం తలలెత్తాం. ఆఫీసు మిద్దె మీద నీళ్ళ ట్యాంకు ఉంది. నిండి పొర్లుతోంది. దాని అంచున కాకి కూర్చుని, ముక్కు ముంచి ముంచి తాగుతోంది. మా విస్తరి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఎల్లస్వామి పోయి విస్తరిలో నుంచి తన పానా తీసుకున్నాడు.

"పిట్ట ముట్టిందన్నా," అన్నాడు నాతో.

"దేన్ని ముట్టిందిరా?"

"నీళ్ళను."

రెండు బెండులు. ఒక బీడీ. అరగంట. ఆరడుగుల అవతల, ఏ పిలుపూ లేకుండా, నీళ్ళు వచ్చాయి. సారు ఆపలేదు. చెప్పులు దొరికాక ఆయనే వచ్చి వాల్వు దగ్గర నిలబడ్డాడు.

మర్నాడు సారలమ్మ పురుడు జరిగింది. పెద్ద కాగు పొయ్యి మీద పెట్టి, మొగిలమ్మ ఆ గోనెసంచి విప్పింది. పదకొండు వందల చీటీలు గుప్పెడు గుప్పెడుగా పొయ్యిలో పోయాయి. ఎండు కాయితం కదా, భగ్గున అంటుకుంది. కర్మ కాలిపోయింది అని మన తాతలు ఏదో తిట్టులా వాడారు గాని, కాలితే కాగెడు నీళ్ళు కాగుతాయని వాళ్ళకు తెలిసుండదు. పిల్ల మొదటి చెంబుకు ఏడ్చింది, రెండో చెంబుకు నోరు మూసుకుంది.

ఇంత మేలు చేసిన మిషనును ఇప్పటికైనా ఒప్పుకుంటారా? నాకు మాత్రం ఒక్క చిన్న సందేహం మిగిలింది. మొన్న పోయి రాజేశ్వర్ రావు సారును అడిగాను. పుట్టుకకు రెండు పిలుపులు, మార్పుకు రెండు, చావుకు రెండు రాశావు. పొద్దున ఐదింటికి నీళ్ళు ఇడవాలె అని ఒకటి రాశావా? ఆయన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పాడు.

"బతికున్నప్పటికి పిలుపు లేదు సార్," అన్నాడు. ఆయన మంచివాడు, గొంతు తగ్గించి అన్నాడు.

నేనేం ఆశ్చర్యపోలేదు. పుట్టినప్పుడు ఒకసారి, ఓటు మారుతుందేమోనని భయమేసినప్పుడు ఒకసారి, చచ్చినప్పుడు ఒకసారి మనల్ని పిలిచేవాళ్ళు ఇంతకుముందు కూడా ఉన్నారు. వాళ్ళకు ఏసీ గది, చెప్పులు విడిచే మర్యాద ఎప్పటినుంచో ఉన్నాయి. మిషను వాళ్ళను చూసి నేర్చుకుందో, వాళ్ళు మిషనును చూసి నేర్చుకున్నారో మీరే తేల్చుకోండి.

ఒక్క మనవి. మిషను ఖాతాలో మా పాత నల్లా చచ్చే ఉంది. కొత్తది ఇంకా పుట్టలేదు. నీళ్ళ ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి అడిగితే, చచ్చిందనే చెప్పండి. వీలైతే రెండు కన్నీటి చుక్కలు రాల్చండి. బతికుందని తెలిస్తే మళ్ళీ పిలుస్తారు.

ఇక ఆపుతాను. ఐదు కావస్తోంది, బిందె పెట్టాలి. లేని నల్లా దగ్గర లైను చాలా పెద్దగా ఉంది. మొదటి బిందె మొగిలమ్మదే.